బుల్లీయింగ్‌ని ఆపేది ఏ పాలసీ? చెన్నైలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగువాళ్లకి ఒక పోలిక

స్కూలు డైరీ తీసి మొదటి పేజీలు చూడండి. గోళ్లకి రంగు వేసుకోకూడదు, సెల్‌ఫోన్ తేకూడదు, జడకి నల్ల రిబ్బనే కట్టుకోవాలి అన్న రూల్స్ మధ్యలో ఎక్కడో "బుల్లీయింగ్ నిషేధం" అని ఒక్క ముక్క ఉంటుంది. చెన్నైలో నేను చూసిన చాలా స్కూళ్లలో పాలసీ మొత్తం అంతే. ఏడిపిస్తే ఎవరికి చెప్పాలి, చెప్పాక ఎవరు ఏం చేస్తారు, ఎన్నాళ్లకి చేస్తారు అన్నవి అందులో ఉండవు. అడ్మిషన్ రోజున మనమూ అడగం. ఫీజు ఎంత, వ్యాన్ ఎక్కడిదాకా వస్తుంది, సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగు ఉందా అని కనుక్కుని వచ్చేస్తాం.

నేను ఇక్కడ అంబత్తూరు వైపు ఒక స్కూల్లో చాలాకాలం సైన్స్ చెప్పాను. ఇప్పుడు ఆంధ్రా నుంచి ఉద్యోగం మారి వచ్చినవాళ్లు పిల్లల్ని ఎక్కడ చేర్చాలో అడుగుతుంటారు. ఈ మధ్య ఇంకో రకం ప్రశ్నలూ వస్తున్నాయి: "అక్కా, మా స్కూల్లో కొత్త యాంటీ బుల్లీయింగ్ పాలసీ పెడతారట, పేరెంట్స్ సలహా అడిగారు, ఏం చెప్పమంటావు?" అని. ఒకచోట కెమెరాలు పెడతామంటారు, ఒకచోట కౌన్సెలర్ అంటారు, ఇంకోచోట జీరో టాలరెన్స్ అంటారు. వినడానికి అన్నీ బాగానే ఉంటాయి. కానీ వీటి ఫలితాలు ఒకటి కాదు, ఖర్చూ ఒకటి కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాలసీ పేరు ఏదైనా నేను రెండే చూస్తాను. పిల్లలు ఒంటరిగా దొరికే చోట్ల పెద్దవాళ్లు ఉంటున్నారా? ఒక పిల్లో పిల్లవాడో నోరు విప్పి చెప్పాక, దాన్ని తన పనిగా పెట్టుకున్న మనిషి ఒకరు ఉన్నారా? శిక్ష ఎంత పెద్దదన్న సంగతి వాటి తర్వాతే.

ముందు, దేన్ని బుల్లీయింగ్ అనాలి

ఈ విషయం మీద నలభై ఏళ్లకు పైగా పనిచేసిన నార్వే పరిశోధకుడు డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదుటివాడు తిరిగి నిలబడలేని స్థితిలో ఉండటం. మూడోది చాలామంది పట్టించుకోరు. సమానబలం ఉన్న ఇద్దరు క్రికెట్ బ్యాట్ కోసం కొట్టుకుంటే అది దెబ్బలాట. క్లాసులో పదిమంది ఒక్కడి మీద పడితే అది వేరు.

మన పిల్లల విషయంలో ఆ బలాబలాల తేడా చాలాసార్లు భాష దగ్గర మొదలవుతుంది. నెల్లూరులోనో గుంటూరులోనో ఐదు చదివి ఇక్కడ ఆరులో చేరిన పిల్లవాడిని ఊహించుకోండి. 2006 నాటి చట్టం ప్రకారం తమిళనాడు స్కూళ్లలో తమిళం తప్పనిసరి. పక్క పిల్లలు పద్యాలు అప్పజెబుతుంటే వీడు అక్షరాలు దిద్దుకుంటూ ఉంటాడు. నోరు తెరిస్తే యాస. ఒకడు "గొల్టి" అంటాడు, తెలుగువాళ్లని వెక్కిరించే మాట అది. స్నేహితుడు సరదాగా ఒకసారి అంటే వీడూ ఏదో ఒకటి అనేసి నవ్వేస్తాడు. అదే మాట వ్యాన్ ఎక్కగానే అందరూ అందుకుని, వీడి పక్కసీటు ఖాళీగా వదిలేసి, రోజూ టిఫిన్ బాక్సు మూత తీసి "పప్పా?" అని వాసన చూసి ముక్కు మూసుకుంటే అది సరదా కాదు. క్లాస్ టీచర్‌కి చెబితే "పిల్లలు కదండీ, ఆడుకుంటూ ఉంటారు" అంటుంది. అలా అనే వీలు లేకుండా, ఏది ఆటో ఏది కాదో రాసి పెట్టడమే ఏ పాలసీకైనా మొదటి పని. మీ స్కూలు పాలసీలో ఆ నిర్వచనం లేకపోతే, మిగతాది ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

జీరో టాలరెన్స్: తప్పు చేస్తే టీసీ

పేరెంట్స్ మీటింగులో చప్పట్లు ఎక్కువ పడేది దీనికే. మొదటిసారి సస్పెన్షన్, రెండోసారి టీసీ. వినగానే మనసుకి హాయిగా ఉంటుంది, ముఖ్యంగా మన పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికొచ్చిన వారంలో.

అమెరికాలో ఇది విస్తారంగా అమలు చేసి చూశారు. అక్కడి సైకాలజిస్టుల సంఘం నియమించిన టాస్క్‌ఫోర్స్ 2008లో ప్రచురించిన నివేదికలో, దీనివల్ల స్కూళ్లు మరింత సురక్షితం అయ్యాయనడానికి ఆధారం లేదని తేల్చింది. ఎందుకో టీచర్‌గా పనిచేసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. శిక్ష మరీ పెద్దదైతే పిల్లలు చెప్పడం మానేస్తారు. "నా వల్ల వాడికి టీసీ ఇచ్చేస్తారేమో" అన్న భయం, ఏడిపించబడే పిల్లలకే ఎక్కువ ఉంటుంది. టీచర్లు కూడా చిన్న విషయానికి అంత దూరం ఎందుకని రాయకుండా వదిలేస్తారు. ఇక రోజూ ఏడిపించేవాడు సాక్ష్యం మిగలకుండా చేస్తాడు. ఓపిక నశించి ఒక్కసారి తిరిగి కొట్టినవాడు అందరి ముందూ దొరికిపోతాడు. రూల్ పుస్తకం తెరిస్తే పడేది రెండోవాడి మీదే.

ఇంకోటి కూడా ఉంది, అందరికీ తెలిసి ఎవరూ అననిది. కరస్పాండెంట్‌కి తెలిసినవాళ్ల అబ్బాయి అయితే అదే రూలు మెత్తబడుతుంది.

అంటే శిక్ష వద్దని కాదు. కత్తి, బ్లేడు తెచ్చినా, డబ్బులు గుంజినా, ఫొటోలు తీసి బెదిరించినా గట్టి చర్య ఉండాల్సిందే. లైంగిక వేధింపు అయితే స్కూలు తనలో తాను సర్దుబాటు చేసుకునే హక్కే లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. "పరువు పోతుంది, లోపలే మాట్లాడుకుందాం" అనే మేనేజ్‌మెంట్ మాట ఇక్కడ చెల్లదు.

కెమెరాలు, ఫిర్యాదు పెట్టెలు

త్వరగా ముగిస్తాను. కెమెరా మాట వినదు, చూపులు పట్టుకోదు, బాత్రూంలో పెట్టకూడదు. ఏదైనా జరిగిపోయాక ఎవరు ఎక్కడున్నారో చూసుకోవడానికి పనికొస్తుంది, అంతే. పెట్టె చవక, మంచిదే. తమిళనాడు ప్రభుత్వ స్కూళ్లలో "మాణవర్ మనసు" పేరుతో ఇలాంటి పెట్టెలు పెట్టారు. కాకపోతే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, వారానికి ఎన్నిసార్లు తీస్తారు అని అడగండి. హెచ్‌ఎం గది గుమ్మం ముందు, ప్యూన్ కళ్ల ముందు పెట్టిన పెట్టెలో ఎవరు చీటీ వేస్తారు?

కమిటీ

సీబీఎస్ఈ 2015 మార్చిలో పంపిన సర్క్యులర్‌లో ప్రతి స్కూల్లోనూ యాంటీ బుల్లీయింగ్ కమిటీ ఉండాలని చెప్పింది. వైస్ ప్రిన్సిపాల్, సీనియర్ టీచర్, డాక్టర్, కౌన్సెలర్, పేరెంట్స్ తరఫున ఒకరు, మేనేజ్‌మెంట్ తరఫున ఒకరు, లాయరు, పిల్లల్లోంచి కొందరు. సీబీఎస్ఈ స్కూలైతే మీరు "ఆ కమిటీలో ఎవరెవరు ఉన్నారండీ?" అని నిర్భయంగా అడగవచ్చు. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కించింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కి వచ్చిన ఒక అమ్మాయి మరణం కేసులో తీర్పు చెబుతూ దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. ర్యాగింగ్, బుల్లీయింగ్, వేధింపుల మీద గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష తీర్చుకోవడాన్ని సహించకూడదు. ఇది బోర్డుతో పనిలేకుండా వర్తిస్తుంది కాబట్టి, "మాది సీబీఎస్ఈ కాదు మేడం" అన్న జవాబు దీనికి సరిపోదు.

కమిటీ వల్ల పెద్ద లాభం రికార్డు. ఒక మంచి స్కూల్లో నేను చూసిన రిజిస్టర్ ఇలా ఉండేది: తేదీ, చోటు, ఏం జరిగింది పిల్లల మాటల్లోనే, ఎవరు చూశారు, ఆ రోజు ఏం చేశారు, మళ్లీ ఎప్పుడు కనుక్కోవాలి, కనుక్కున్నాక ఏం తెలిసింది. చివరి రెండు గడులే అసలు ప్రాణం. చాలా స్కూళ్ల రిజిస్టర్లలో "వార్నింగ్ ఇచ్చి పంపాం" దగ్గర ఆగిపోతుంది. వార్నింగ్ తీసుకున్నవాడు మర్నాడు వ్యాన్‌లో "మిస్‌కి చెప్తావా?" అన్నాడో లేదో ఎవరూ అడగరు.

కమిటీ లోపం కూడా ఇక్కడే ఉంది. అది ఫిర్యాదు వచ్చాకే కదులుతుంది. అంతమంది పెద్దలు ఒక గదిలో కూర్చునేసరికి నెల దాటుతుంది, పిల్లవాడికి ఆ నెలలో రానూపోనూ నలభై దాకా వ్యాన్ ప్రయాణాలు ఉంటాయి. కాబట్టి కమిటీ అవసరమే, కానీ దాన్ని మాత్రమే పెట్టి పాలసీ ఉందంటే ఒప్పుకోకండి.

స్కూలు మొత్తం కదిలే పద్ధతి

1982 చివర్లో నార్వేలో ముగ్గురు అబ్బాయిలు ఆత్మహత్య చేసుకున్నారు. తోటి పిల్లల వేధింపే కారణమని తెలిసి దేశం కదిలింది. మరుసటి ఏడాది ప్రభుత్వం దేశవ్యాప్తంగా కార్యక్రమం పెట్టింది. ఓల్వేయస్ తన పద్ధతిని బెర్గెన్ నగరంలోని స్కూళ్లలో అమలుచేసి చూశాడు. రెండేళ్లలో బుల్లీయింగ్ సగం దాకా తగ్గిందని ఆయన లెక్క తేలింది. ఆ తర్వాత వేరే దేశాల్లో ఫలితాలు అంత గొప్పగా రాలేదు, అమెరికాలో ఒకచోట పనిచేసి ఇంకోచోట చేయలేదు. అయినా ఇప్పటికీ చాలా పాలసీలకి పునాది ఇదే.

ఇందులో మాయ ఏమీ లేదు. ముందు పిల్లలందరికీ పేరు రాయనక్కర్లేని ప్రశ్నాపత్రం ఇస్తారు: నిన్ను ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి చెప్పావు. దాన్నిబట్టి ఏ చోట ఎక్కువ జరుగుతోందో తేలుతుంది. అక్కడ డ్యూటీ వేస్తారు. ప్రతి క్లాసులో నాలుగు రూల్స్ ఉంటాయి. మేం ఎవర్నీ ఏడిపించం, ఏడిపించబడేవాళ్లకి సాయం చేస్తాం, ఒంటరిగా ఉన్నవాళ్లని కలుపుకుంటాం, తెలిస్తే స్కూల్లోనూ ఇంట్లోనూ పెద్దవాళ్లకి చెబుతాం. వారం వారం క్లాసులో దాని మీద మాట్లాడుకుంటారు. ఏడిపించినవాడితో, వాడి తల్లిదండ్రులతో గట్టిగా, కానీ అరుపులు లేకుండా మాట్లాడతారు.

బ్రిటన్ పరిశోధకులు ఫారింగ్టన్, టోఫీ 2009లో ఇలాంటి కార్యక్రమాల ఫలితాలన్నీ కలిపి చూశారు. ఏడిపించడం సుమారు 20 నుంచి 23 శాతం, ఏడిపించబడటం 17 నుంచి 20 శాతం తగ్గాయి. తర్వాత మరిన్ని అధ్యయనాలు కలిపి చూసినా కొంచెం తక్కువగా అదే దారిలో వచ్చాయి. ఏ అంశాలున్న కార్యక్రమాలు బాగా పనిచేశాయో కూడా చూశారు: తల్లిదండ్రులతో సమావేశాలు, ఆటస్థలంలో పెద్దవాళ్ల కాపలా, స్పష్టమైన క్రమశిక్షణ, ఎక్కువకాలం గట్టిగా నడపడం. నూటికి నూరు శాతం ఆపుతామని ఏ స్కూలైనా చెబితే అది బ్రోచర్ మాట. ఐదింట ఒక వంతు తగ్గినా, రెండు వేల మంది ఉన్న స్కూల్లో అది చాలామంది పిల్లల మాట.

మన స్కూళ్లకి ఇందులో ఖర్చులేని భాగం డ్యూటీ. లంచ్ బెల్ కొట్టాక ఒక మామూలు చెన్నై స్కూల్లో ఏం జరుగుతుందో చూడండి. టీచర్లు స్టాఫ్‌రూంలో డబ్బాలు తెరుస్తారు, పీటీ సర్ గ్రౌండ్‌లో పెద్దపిల్లల దగ్గర ఉంటారు, ఆయమ్మ చిన్నపిల్లల ఫ్లోర్‌లో ఉంటుంది. మధ్య అంతస్తులో ఆరు, ఏడు క్లాసుల వరండా, దాని చివర బాత్రూం, వెనక మెట్లు: ఆ పావుగంట అక్కడ ఒక్క పెద్దమనిషి ఉండదు. ఆ మెట్ల దగ్గర రోజుకొకరు చొప్పున డ్యూటీ వేయడానికి పైసా ఖర్చు లేదు. టీచర్లు గొణుగుతారు, నేనూ గొణిగేదాన్ని, తిండి తినే టైం కదా. ఆ టీచర్‌కి ఇంకో పీరియడ్ తగ్గిస్తేనే ఇది నిలబడుతుంది. అది రాసి ఉందా లేదా చూడండి.

చుట్టూ నిలబడ్డవాళ్ల మీద పనిచేసే పద్ధతి

ఫిన్లాండ్‌లోని తుర్కు యూనివర్సిటీలో క్రిస్టినా సాల్మివల్లి బృందం తయారుచేసిన కివా అనే కార్యక్రమం ఇది. 2006 నుంచి తయారుచేసి, రెండు వందలకు పైగా స్కూళ్లలో పరీక్షించి, 2009లో దేశమంతా విస్తరించారు. ఇటలీ, నెదర్లాండ్స్, బ్రిటన్‌లోనూ ప్రయత్నించారు.

దీని వెనక ఉన్న ఆలోచన నాకు బాగా నచ్చుతుంది. ఏడిపించేవాడికి కావాల్సింది ప్రేక్షకులు. ఒకడు మొదలుపెడతాడు, ఇద్దరు చేయి కలుపుతారు, నలుగురు పళ్లికిలిస్తారు, మిగతావాళ్లు తల తిప్పుకుంటారు, ఎవరో ఒకరు అడ్డుపడతారు. మొదటివాడిని మార్చడం కష్టం. నవ్వే నలుగురిని మార్చడం అంత కష్టం కాదు. కెనడాలో ఆటస్థలాల్లో వీడియో తీసి చూసిన పరిశోధన ఒకటి 2001లో వచ్చింది. వేధింపు జరిగినప్పుడు నూటికి 88 సార్లు తోటిపిల్లలు పక్కనే ఉన్నారు, అడ్డుపడింది 19 సార్లే. కానీ అడ్డుపడినప్పుడు సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోనే ఆగిపోయింది.

కివాలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి, క్లాసంతటికీ ఏడాది పొడవునా పాఠాలు, చర్చలు, నాటకంలా వేసి చూడటం, కంప్యూటర్ ఆటలు. రెండోది, ఫిర్యాదు వచ్చినప్పుడు ముగ్గురు పెద్దలున్న టీం రంగంలోకి దిగుతుంది. ముందు బాధపడిన పిల్లతో, తర్వాత ఏడిపించినవాళ్లతో ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతారు. కొన్నాళ్లాగి మళ్లీ కలిసి, ఆగిందా లేదా అని కనుక్కుంటారు. ఆ మధ్యలో క్లాస్ టీచర్, క్లాసులో నలుగురూ మాట వినే ఇద్దరు ముగ్గురు మంచి పిల్లల్ని పిలిచి, ఆ పిల్లకి తోడుగా ఉండమంటుంది. మన ఆరో క్లాసు నెల్లూరు అబ్బాయికి కావాల్సింది సరిగ్గా ఇదే. నిజానికి టీసీతో వాడికి వచ్చేదేముంది? వ్యాన్‌లో పక్కసీటులో కూర్చునే ఒక తమిళ పిల్లవాడు దొరికితే, తమిళం కూడా దానంతటదే వచ్చేస్తుంది.

పరిమితి ఒకటుంది, అది చిన్నది కాదు. ప్రైమరీలో కివా ఫలితాలు బాగున్నాయి, పై క్లాసులకి వెళ్లేకొద్దీ తగ్గాయి. ఒక్క కివా అనే కాదు, ఎనిమిదో క్లాసు నుంచి ఇలాంటి కార్యక్రమాలన్నీ పలచబడతాయని 2015లో ఇంకో పరిశోధన చూపించింది. పదిహేనేళ్లవాడి ముందు "ఏడిపించడం తప్పు" అని నాటిక వేస్తే, ఇంటర్వెల్‌లో ఆ నాటికనే ఎగతాళి చేస్తాడు. హైస్కూల్‌కి ఎవరైనా రంగురంగుల వర్క్‌షాప్ ప్యాకేజీ అమ్మజూపితే, డబ్బు కట్టే ముందు ఇది గుర్తుంచుకోండి. ఒక శనివారం ఆడిటోరియంలో మైకు పట్టుకుని చెప్పే మోటివేషన్ స్పీచ్‌ని నేను పాలసీ లెక్కలోకే తీసుకోను.

మాట్లాడి సర్దుకునే పద్ధతులు, వాటిలో ఒక ప్రమాదం

నింద వేయకుండా, "వాడు బాధపడుతున్నాడు, మనం ఏం చేద్దాం" అని ఏడిపించినవాళ్లనే పరిష్కారం అడిగే పద్ధతులు యూరప్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. వినడానికి మెతకగా ఉన్నా, అనుభవమున్న పెద్దవాళ్ల చేతిలో పనిచేస్తాయి. కివాలో కొన్ని స్కూళ్లు గట్టిగా నిలదీసే పద్ధతి, కొన్ని నింద వేయని పద్ధతి వాడితే ఫలితాలు దాదాపు సమానంగానే వచ్చాయి. ఏ పద్ధతి అనేదాని కన్నా, ఒక పద్ధతి అంటూ ఉండి మళ్లీ కనుక్కోవడమే ముఖ్యమని నాకు దీన్నిబట్టి అర్థమైంది.

ప్రమాదం ఎక్కడంటే, ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి" అనడం దగ్గర. లేదా స్కూల్ లీడర్ పిల్లల్ని మధ్యవర్తులుగా పెట్టడం దగ్గర. సమానుల తగువుకి మధ్యవర్తి పనికొస్తాడు. ఒకడు భయంతో వణుకుతున్నప్పుడు, వాడి చేత "నేనూ కొంచెం తప్పు చేశాను" అనిపించడమే అవుతుంది. పైన చెప్పిన ఫారింగ్టన్, టోఫీల 2009 పరిశీలనలోనూ తోటిపిల్లలతో చేయించే ఇలాంటి ఏర్పాట్లు ఉన్నచోట బాధితులు పెరిగారని కనిపించింది. మీ స్కూలు పాలసీలో "పీర్ మీడియేషన్" అన్న మాట ఉంటే, అది ఎలాంటి కేసులకో గట్టిగా అడగండి.

కౌన్సెలర్: మన దేశంలోనే తేలిన సంగతి

ఇంతవరకు చెప్పినవన్నీ బయటి దేశాలవి. మన దగ్గర జరిగిన ఒక పెద్ద ప్రయోగం నా అభిప్రాయాన్ని అన్నిటికన్నా ఎక్కువ ప్రభావితం చేసింది. బీహార్‌లోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ హైస్కూళ్లని మూడు భాగాలు చేశారు. కార్యక్రమం పేరు సెహర్. ఒక భాగంలో, డిగ్రీ చదివి తగిన శిక్షణ పొందిన ఒక స్థానిక మనిషిని కౌన్సెలర్‌గా ప్రతి స్కూల్లో పెట్టారు. రెండో భాగంలో అదే శిక్షణ అక్కడి టీచర్‌కే ఇచ్చి, అదే పని చేయమన్నారు. మూడో భాగంలో ఇవేవీ లేవు. పని కూడా వింతదేమీ కాదు: స్కూలు కమిటీ, గోడపత్రిక, చెప్పుకునే పెట్టె, పోటీలు, క్లాసు చర్చలు, అవసరమైనవాళ్లతో విడిగా మాట్లాడటం.

ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. కౌన్సెలర్ ఉన్న స్కూళ్లలో బుల్లీయింగ్, హింస, పిల్లల్లో డిప్రెషన్ తగ్గాయి, స్కూలు మీద పిల్లల అభిప్రాయం బాగా మెరుగైంది. టీచర్ చేతిలో పెట్టిన స్కూళ్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

టీచర్లు చెడ్డవాళ్లని దీనర్థం కాదు. సిలబస్, పేపర్లు దిద్దడం, ఎన్నికల డ్యూటీ, మార్కుల ఎంట్రీ చేసే మనిషికి ఇది ఎనిమిదో పని అవుతుంది. పైగా తనకి మార్కులు వేసే మనిషికి ఏ పిల్లవాడు మనసు విప్పి చెబుతాడు? ఆ ఏడిపించేది టీచరే అయితే? క్లాసులో నలుపు గురించో లావు గురించో టీచర్ వేసే జోకునే పిల్లలు లంచ్‌లో అందుకుంటారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. స్టాఫ్‌కి కూడా వర్తించని పాలసీ సగం పాలసీయే.

ఇంకో మంచి సంగతి, నలందాలో ఆ కౌన్సెలర్లు పెద్ద డిగ్రీల సైకాలజిస్టులు కారు. శిక్షణ, పైన చూసుకునే ఒక నిపుణుడు, ఇదే పనిగా రోజంతా స్కూల్లో ఉండటం ఉంటే చాలింది. వారానికి ఒక్కరోజు వచ్చి, ఏసీ గదిలో అపాయింట్‌మెంట్ మీద చూసే ఖరీదైన కౌన్సెలర్ కన్నా, రోజూ వరండాలో తిరిగే మామూలు శిక్షణ ఉన్న మనిషికే నా ఓటు. అయితే ఆ మనిషికి ఇన్విజిలేషన్, సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు అంటగట్టకూడదు. మన స్కూళ్లలో మొదట జరిగేది అదే.

కులం గురించి ఒక మాట

2023 ఆగస్టులో తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని, అతని చెల్లెల్ని తోటి విద్యార్థులే ఇంటికెళ్లి నరికి తీవ్రంగా గాయపరిచారు. అంతకుముందు స్కూల్లో జరిగిన వేధింపే దానికి మూలం. ప్రభుత్వం రిటైర్డ్ జడ్జి కె. చంద్రు కమిటీ వేసింది. 2024 జూన్‌లో ఆయన నివేదిక ఇచ్చాడు. కులాన్ని చూపించే రంగుల చేతిపట్టీలు వద్దు, పిల్లల్ని అక్షరక్రమంలో కూర్చోబెట్టాలి, 500 మంది దాటిన స్కూళ్లకి వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలి అని అందులో ఉంది. "మన చెన్నైలో, మంచి ప్రైవేటు స్కూల్లో ఇవేం ఉండవులే" అని తెలుగువాళ్లం తేలిగ్గా తీసుకుంటాం. ఇంటిపేరు అడిగి, "మీరేమిట్లు?" అని ఆరా తీసే అలవాటు మనతోపాటే చెన్నైకి వచ్చింది. పాలసీలో కులం, భాష, మతం, రంగు, వైకల్యం పేరుతో చేసే ఎగతాళిని విడిగా, పేరు పెట్టి రాసి ఉండాలి. అక్షరక్రమంలో కూర్చోబెట్టడం ఏ స్కూలైనా రేపే మొదలుపెట్టొచ్చు, తెలుగు పిల్లలంతా ఒక బెంచీ మీద పోగవకుండా కూడా అది పనికొస్తుంది.

మరి దేన్ని ఎంచుకోవాలి

డబ్బులేని చిన్న స్కూలైతే, రాసిన నిర్వచనం, ఏటా పేరు లేని ప్రశ్నాపత్రం, లంచ్ డ్యూటీ, ఆ రిజిస్టర్. ఈ నాలుగూ చాలు, ప్యాకేజీలు కొనక్కర్లేదు. ఐదో క్లాసు లోపు పిల్లలుంటే తోటిపిల్లల మీద పనిచేసే క్లాసు చర్చలు తప్పకుండా కలపమనండి. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉన్న స్కూల్లో ఒకే ఒక్కదానికి డబ్బు ఉందంటే, మొత్తం రోజు ఉండే కౌన్సెలర్‌కి పెట్టమనండి, కెమెరాలకి వద్దు. వేల మంది పిల్లలుండి, ఫీజు లక్షల్లో తీసుకునే స్కూలైతే వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన అవసరమే లేదు, అన్నీ ఉండాలి. ఆ ఫీజుకి అది న్యాయమే.

అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్‌ని "మీ దగ్గర బుల్లీయింగ్ ఉందా?" అని అడగకండి. లేదనే చెబుతారు. "పోయినేడు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఒకదానిలో మీరు ఏం చేశారు, పేర్లు వద్దు, చెప్పండి" అనండి. ఒక్కటీ రాలేదన్న స్కూలంటే నాకు భయం. ఆరేడు వచ్చాయి, ఇలా చేశాం అని వివరం చెప్పేవాళ్ల దగ్గర నిశ్చింతగా చేర్చొచ్చు. తర్వాత, వ్యాన్‌లో పెద్దమనిషి ఎవరుంటారో, వ్యాన్ కాంట్రాక్టు స్కూలుదా బయటివాళ్లదా అడగండి. బయటివాళ్లదైతే వ్యాన్‌లో జరిగేది తమకి సంబంధం లేదని కొన్ని స్కూళ్లు చేతులు దులుపుకుంటాయి. గేటు బయట, ఆన్‌లైన్‌లో జరిగేది కూడా పాలసీ కిందికి వస్తుందని రాసి ఉండాలి. క్లాసు వాట్సాప్ గ్రూపులో స్టిక్కర్లు చేసి ఏడిపించడం ఈ రోజుల్లో వ్యాన్ కన్నా ఎక్కువ.

చేరాక సమస్య వస్తే నోటిమాటతో ఆగకండి. క్లాస్ టీచర్‌కి మెయిల్, వారంలో జవాబు లేకపోతే ప్రిన్సిపాల్‌కి మెయిల్, తేదీలతో. పేరెంట్స్ గ్రూపులో ఎదుటి పిల్లవాడి పేరు పెట్టి రాయకండి. అప్పటినుంచి గొడవ పిల్లలది కాకుండా పెద్దవాళ్లది అయిపోతుంది, మీ పిల్ల మాట పక్కకి పోతుంది. స్కూలు కదలకపోతే తమిళనాడు విద్యాశాఖ హెల్ప్‌లైన్ 14417, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉన్నాయి. పిల్ల తిండి, నిద్ర మానేసి, స్కూలంటే కడుపునొప్పి తెచ్చుకుంటుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు. ఇక మార్చేయాల్సిందే అనుకుంటే, సీబీఎస్ఈలో తొమ్మిది, పదకొండు మొదలవకముందే మార్చండి. పది, పన్నెండులో నేరుగా చేర్చుకోవాలంటే బోర్డు అనుమతి కావాలి, కారణాలు చూపించాలి, ఆ తిరుగుడు పిల్లకీ మీకూ ఇంకో టెన్షన్.